తడిగోనెలు

మా బావ బసవపున్నయ్య పొలంలో గ్యాసు బావి ఉంది. తవ్విన కొత్తలో దాని మంట మూడు ఊళ్ళకి కనపడేది. తర్వాత మంట ఆపేసి గొట్టాల్లోంచి గ్యాసు పట్టుకుపోయారు. మాకు మిగిలింది బావి మూతి మీద తిప్పే ఇనపచక్రాలూ, చుట్టూ ముళ్ళకంచే. ఆ కంచెకి బావే కాపలా.

పోయినేడు వరి కోతలప్పుడు బావ ఇంటి బోరులో బుడగలు మొదలయ్యాయి. బిందెలో పట్టిన నీళ్ళు కాసేపు చిటపటమనేవి. కిరసనాయిలు వాసన. మా అక్క బుల్లెమ్మ ఆ నీళ్ళతో పప్పు వండితే బావ ఒక ముద్ద తిని కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. మర్నాడు బోరు మూతి దగ్గర అగ్గిపుల్ల గీశాడు. నీలంగా అంటుకుంది. గోనె కప్పి ఆర్పాడు.

వారం తిరక్కుండా పక్కింటి రామకోటేశ్వరరావు బోరూ అలాగే అయింది. తర్వాత ఆ వరసంతా. పామర్రు నుంచి ఆటోలో నీళ్ళ డబ్బాలు తెప్పించుకోవటం మొదలుపెట్టారు. పంచాయతీ కుళాయి దగ్గర మా అక్క బిందె పెడితే వెనకున్న ఆడవాళ్ళు మాటలు ఆపేసేవాళ్ళు. అక్కకి మాటలు పడటం తెలుసు. మాటలు ఆపేస్తే ఏం చెయ్యాలో తెలియదు.

"పొలం ఇచ్చింది నీ మొగుడేగా, ఆ కంపెనీ వాళ్ళనే తోడిపెట్టమను," అన్నాడు రామకోటేశ్వరరావు ఒకరోజు.

అందుకని బావకి ఒకటే ధ్యాస పట్టింది. బావి బాగవ్వాలి. బావి బాగైతే బోర్లు బాగవుతాయి, బోర్లు బాగైతే అక్క కుళాయి దగ్గర నిలబడగలదు.

సంక్రాంతి దాటాక గవర్నర్‌పేట కంపెనీ ఆఫీసు నుంచి దత్తాత్రేయ అనే ఇంజనీరు వచ్చాడు. నెమ్మదస్తుడు. ఎండకి ముక్కు కందిపోయేది. బావి దగ్గర మా అందరినీ నిలబెట్టి చెప్పాడు.

"బావిలో దింపిన పాతగొట్టాన్ని లోపలెక్కడో తుప్పు తినేసిందండి. ఆ కన్నంలోంచి గ్యాసు బయటికొచ్చి మీ బోర్ల నీళ్ళుండే ఇసకలోకి ఎక్కుతోంది. గొట్టం బయటికి లాగటం కుదరదు. లోపలే అతుకెయ్యాలి."

"పాతాళంలో అతుకెట్టా వేస్తారండీ?" అన్నాడు రామకోటేశ్వరరావు.

"మీకు గుండెలో స్టెంటు వేశారన్నారు కదండీ. అట్టాగే. సన్నగొట్టం ఒకటి లోపలికి దింపుతాం. కన్నం దగ్గరికెళ్ళాక, బొంగరంలాంటి ఇనపముద్దని దాని కడుపులోంచి పైకి లాగుతాం. గొట్టం సాగి, పాతదానికి అతుక్కుపోతుంది. అటూ ఇటూ రబ్బరు పట్టీలుంటాయి. అవి బిగించేస్తాయి."

"నాకు మెట్లెక్కితే ఇప్పటికీ ఆయాసమేనండి. మీ గొట్టానికి ఆయాసం రాదుగా?"

అందరం నవ్వాం. దత్తాత్రేయా నవ్వాడు. రబ్బరు పట్టీలు ఎట్లా బిగిస్తాయో ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇనుము సాగుతుందన్న మాట దగ్గరే మేం ఆగిపోయాం.

ఆ గొట్టం విదేశం నుంచి రావాలి. వచ్చేసరికి ఎండలు ముదిరాయి. పొడుగాటి చెక్కపెట్టెలో లారీ మీద దిగింది. కంచె గుమ్మంలో పెట్టె తిరగలేదు. లారీవాళ్ళు చెక్కలు ఊడబీకి, గొట్టాన్ని మాత్రం దిమ్మల మీద పడుకోబెట్టి, చెక్కలు పారేసి పోయారు. బావ ఏ చెక్కనీ పారెయ్యనివ్వడు. బాగా వెడల్పుగా ఉన్న పలకని పంటబోదె మీద దాటటానికి వేశాడు. దాని మీద నల్లరంగుతో గొడుగు బొమ్మ ఉంది. గొడుగు పైన ఇంకా ఏవో గీతలుండేవి గానీ లారీ గొలుసు రాసుకుని చెక్క లేచిపోయింది.

గొట్టాన్ని బావిలోకి దింపే రిగ్గు ఇంకోచోట ఇరుక్కుందన్నారు. ఇవాళ రేపు అంటూ రోజులు గడిచాయి. రోహిణి ఎండలు. గొట్టం రెండు చివర్లా నా మోచేతంత పొడుగున నల్లటి రబ్బరు. బావ మధ్యాహ్నం దాని మీద చెయ్యేసి వెంటనే తీసేశాడు.

"కాలిపోతుందిరా. ఇట్టా వదిలేస్తే పగుళ్ళిస్తది. మన నూర్పిడి మిషను బెల్టు చూళ్ళేదూ?"

నా ముందే దత్తాత్రేయకి ఫోను చేశాడు. స్పీకరు పెట్టాడు, బావకి ఎడమ చెవి సరిగా వినపడదు.

"సార్, పెట్టె మీద గొడుగు బొమ్మ ఉందండి. అంటే ఎండ తగలకూడదనేగా?"

అవతల ఎవరితోనో మాట్లాడుతున్నాడు. "ఆఁ ఆఁ, ఎండ తగలనీకండి బసవపున్నయ్యగారూ. చల్లగా ఉంచండి. వారంలో వచ్చేస్తాం," అని పెట్టేశాడు.

బావ సాయంత్రానికే తాటాకులు కొట్టించి పందిరి వేశాడు. పందిరి కింద కూడా వడగాలి వడగాలే. రెండోరోజు ఇంట్లో వరివిత్తనాలు మండె కట్టే గోనెలు తెచ్చాడు. తడిపి, రబ్బరు చుట్టూ చుట్టి, పురికొసతో కట్టాడు. మొలక రావటానికి విత్తనాల మూటని ఎంత బిర్రుగా, ఎంత ఒదులుగా కట్టాలో అంతే కట్టాడు. పొద్దునా మధ్యాహ్నం తడిపేవాడు. సాయంత్రం చెయ్యిపెట్టి చూసి, ఆరితే మళ్ళీ.

నీళ్ళ దగ్గర ఆలోచించాడు. కాలవ కట్టేసి ఉంది. బోరు నీళ్ళు ఉప్పు, పైగా గ్యాసు కంపు. ఉప్పునీళ్ళు ఇనుముని తినేస్తాయని మాకు ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. అందుకని పామర్రు డబ్బాల నీళ్ళు మోశాడు. నేనూ మోశాను.

అక్క ఊరుకోలేదు. "మేం తాగటానికి గ్లాసు లెక్క. దానికి మంచినీళ్ళ స్నానం. రేపు తలంటు కూడా పోస్తావా?"

"దాని ఒళ్ళు బాగుంటేనే నీ బిందెలో నీళ్ళు బాగుంటాయే."

"తమ్ముడూ, మీ బావ నన్నెప్పుడన్నా ఇట్టా చూశాడేమో అడుగు."

బావ నవ్వాడు. మళ్ళీ తడపటానికి లేచాడు. ఆ రోజుల్లో బావ ఎక్కువగా నవ్వాడు. అది నేను చూశాను.

రామకోటేశ్వరరావు కూడా వచ్చి పందిరి కింద కూర్చుని పోయేవాడు. తన ఇంటి డబ్బా ఒకటి పంపించాడు కూడా. "నా స్టెంటుకి ఇంత సేవ చేసినోడు లేడయ్యా," అన్నాడు.

వారం అన్నది మూడు వారాలయ్యాక రిగ్గు వచ్చింది. దాంతోపాటు గన్నవరంలో విమానం దిగిన మనిషి ఒకడు వచ్చాడు. గొట్టం దింపటం అతని పని. తెలుగు రాదు. దత్తాత్రేయతో ఇంగ్లీషులో మాట్లాడేవాడు. ఊరు సగం కంచె బయట నిలబడింది. మా అక్క పసుపూ కుంకుమా తెచ్చింది, ఎవరూ వద్దనలేదు.

బావ పురికొసలు విప్పాడు. గోనెలు తీశాడు. రబ్బరు నల్లగా, నున్నగా, నిగనిగలాడుతోంది. ఎక్కడా పగులు లేదు. ఒక్క గీత లేదు.

"చూసుకోండి సార్," అన్నాడు బావ. "పంపినదానికన్నా బాగుంది."

విమానం దిగిన మనిషి గోనె ముట్టుకున్నాడు. తడిచెయ్యి చూసుకున్నాడు. సంచిలోంచి ఇనప రింగు తీసి గొట్టం చివర తొడిగాడు. బావి లోపల ఎంత సందు ఉంటుందో రింగు అంత. అది ఇనుము మీద సులువుగా జారింది. రబ్బరు దగ్గరికొచ్చి ఆగింది. మెల్లగా తోశాడు. ఆగింది. అవతలి చివర్న పెట్టి చూశాడు. అక్కడా ఆగింది.

అతను దత్తాత్రేయతో రెండు ముక్కలు మాట్లాడి, రింగు సంచిలో పెట్టేసుకున్నాడు.

"ఏమైందండీ?" అన్నాడు బావ.

దత్తాత్రేయ రబ్బరు వంకే చూస్తూ చెప్పాడు. "ఇది మామూలు రబ్బరు కాదండి. నీళ్ళు తాగి ఉబ్బుతుంది. బావిలోకి దిగాక ఉబ్బి, సందు మూసెయ్యాలి. ఇది పైనే ఉబ్బేసింది. ఇంక లోపలికి దిగదు."

బావ రబ్బరు మీద చెయ్యేసి చూశాడు.

"ఎండబెడితే తగ్గదాండీ?"

"తగ్గినా లోపల చిట్లుతుందండి. నమ్మలేం. ఏ నీళ్ళు పోశారు?"

"మంచినీళ్ళేనండి. తాగే నీళ్ళు. ఉప్పునీళ్ళు పొయ్యలేదు. ఇనుముకి మంచిది కాదని."

దత్తాత్రేయ తల దించుకున్నాడు. "ఉప్పునీళ్ళయితే ఇంత ఉబ్బేది కాదు. అడుగున ఉప్పునీళ్ళేగా ఉండేది. దానికి తగ్గట్టు చేశారు దీన్ని."

కంచె అవతల గుసగుసలు మొదలయ్యాయి. విమానం దిగిన మనిషి బోదె దగ్గరికి నడిచి, పలక మీద బొమ్మ చూపించాడు. లేచిపోయిన చెక్క మీద వేలితో పైనుంచి కిందికి చుక్కలు గీశాడు. వాన. తడి తగలకూడదని ఆ గొడుగు. మా ఊళ్ళో వేసవిలో గొడుగు వేసేది ఎండకి.

నేనెప్పుడూ పదిమందిలో మాట్లాడను. అప్పుడు మాట్లాడాను. "బావ మిమ్మల్ని అడిగాడు కదండీ. గొడుగు బొమ్మ ఉందని చెప్పాడు. చల్లగా ఉంచమన్నారు మీరు. నేను పక్కనే ఉన్నాను."

దత్తాత్రేయ ఫోను తీసి అందులో ఏదో చూశాడు. ఏం చూశాడో తెలియదు, తెర ఆరిపోయే ఉంది. "చల్లగా అన్నాను. తడపమన్లేదు కదండీ," అన్నాడు.

"ఊరుకోరా," అన్నాడు బావ నాతో.

ఇంకో గొట్టం రావాలంటే చాలా నెలలన్నారు. రిగ్గు అన్ని నెలలు ఆగదు. ఆఫీసులో ఆలోచించుకుని బావికి పైన సిమెంటు బిరడా వేసి మూసేశారు. కన్నం అడుగున ఉంది, బిరడా పైన ఉంది. బోర్లలో బుడగలు అలాగే ఉన్నాయి. స్థానికుల నిర్లక్ష్యం వల్ల సామాను పాడైందని పై ఆఫీసుకి చెప్పుకున్నారని డ్రైవరు నోట విన్నాం. నిర్లక్ష్యం అన్న మాట దగ్గర మా అక్క, "ఆ గొట్టం మీద చూపించిన లక్ష్యం ఇంటి మీద చూపిస్తే మేడ లేచేది," అంది. అని ఏడ్చింది. కుళాయి దగ్గరికి వెళ్ళటం మానేసింది. నేనే బిందెలు పట్టి ఇచ్చేవాణ్ణి.

ఊళ్ళో ఇంకో మాట పుట్టింది. బసవపున్నయ్య కావాలనే తడిపాడట. బావి బాగైతే కాపలా ఉద్యోగం పోతుందని. ఈ మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. రామకోటేశ్వరరావు అరుగు మీద. నీళ్ళ డబ్బా పంపించిన అరుగు.

కాలవలు వదిలారు. దమ్ము చేసిన మళ్ళలో నీళ్ళు నిలిచాక, బావి చుట్టుపక్కల బురదలోంచి అక్కడక్కడ బుడగలు వచ్చి పగిలేవి. కూలీలు చుట్టలు కాల్చుకుంటారని కంపెనీకి భయం పట్టుకుంది. బావి మూసినప్పుడే ఆగిపోయిన కాపలా మళ్ళీ ఉండాలన్నారు. దత్తాత్రేయే వచ్చాడు.

"బసవపున్నయ్యగారూ, మీరే ఉండండి. జీతం కొంచెం పెంచుతామన్నారు."

బావ నాటు వేస్తున్నవాళ్ళకి నారుకట్టలు విసురుతున్నాడు. విసరటం ఆపలేదు. "వద్దండి."

"మీ పొలమేగా. మీకు అలవాటేగా."

"వద్దండి," అన్నాడు మళ్ళీ. "నేనుంటే వాళ్ళన్నది నిజమవుతుంది."

దత్తాత్రేయ గట్టు దిగి వెళ్ళిపోయాడు. మూడోరోజు కాపలాకి మనిషి వచ్చాడు. రామకోటేశ్వరరావు. తాటాకు పందిరి కింద కుర్చీ వేసుకున్నాడు. ఉబ్బిన గొట్టం ఇంకా అక్కడే ఉంది, ఎవరూ తీసుకుపోలేదు. దాని మీద తువ్వాలు ఆరేసుకున్నాడు.

నన్ను చూసి, "ఎవరో ఒకరు ఉండాలిగా అబ్బాయ్. ఊరి కోసం," అన్నాడు.

ఆ సాయంత్రం బావ బోదె దగ్గర నన్ను పిలిచాడు. పలక ఒక చివర తను పట్టుకున్నాడు, రెండోది నన్ను పట్టుకోమన్నాడు. ఇంటికి మోసుకుపోదామంటాడేమో అనుకున్నాను. రేపు పొద్దున రామకోటేశ్వరరావు కాపలాకి దాని మీద నుంచే రావాలి.

"తీసేస్తావా బావా?"

"ఎందుకు తీస్తాను. ఆయన ఆయాసం మనిషి, బోదె దూకలేడు. తిరగెయ్యి."

తిరగేశాం. బొమ్మ కిందికి పోయింది. దాని కింద కాలవ నీళ్ళు తగులుతూ పోతున్నాయి. బావ ఒకసారి పలక మీద నిలబడి, కదలకుండా ఉందో లేదో చూసి, ఇంటి వైపు నడిచాడు.