తెరుచుకోని కిటికీ

1979 చలికాలంలో గల్ఫ్ దేశంలోని ఖోర్ ఫక్కాన్‌లో రేవు ఆఫీసర్ల కోసం ఆరు ఇళ్లు లేస్తున్నాయి. ఇంటికీ ఇంటికీ మధ్య సందు లేదు, ఒకటే గోడ. మూడేసి అంతస్తులు, తలుపుల మీద విసనకర్ర విప్పినట్టున్న అద్దాలు, ఒకే కొలతలో బారులు తీరిన పొడుగాటి కిటికీలు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన మేస్త్రీ లింబాద్రి ఇట్లాంటి ఇళ్లు ఎప్పుడూ కట్టలేదు.

నాలుగో ఇంటి గోడ లేపుతుంటే ఫోర్‌మన్ గులాం మొహిద్దీన్ వచ్చి నడిమి కిటికీ చూపించాడు.

“దీన్ని బ్లాకులతోటి మూసెయ్. బయటికి మాత్రం కిటికి లెక్కనే కనపడాలె.”

“బయట కిటికి, లోపల గోడనా? గిదేంది సాబ్? ప్లాన్ చూపియ్యి.”

“నీకు ఇంగ్లీష్ వస్తదా? యల్లా, కానియ్!” అంటూ మొహిద్దీన్ కాగితం మడిచి చంకలో పెట్టుకున్నాడు.

అంత తొందరగా ఎందుకు మడిచాడు? లింబాద్రికి తోటి మేస్త్రీ భీమయ్య గుర్తొచ్చాడు. పోయిన నెల గోడ ప్లాన్‌కు తేడా వస్తే, మొహిద్దీన్ చెప్పినట్టే కట్టానని భీమయ్య మొత్తుకున్నాడు. మొహిద్దీన్ “నేను చెప్పలే” అనేశాడు. మూడో రోజుకు భీమయ్యను విమానం ఎక్కించారు. ఇప్పుడు తన వంతు. ఇల్లు కట్టేవాడెవడైనా గాలిని మూసుకుంటాడా?

ఆ పూటంతా లింబాద్రి ఓరకంట చూస్తూనే ఉన్నాడు. మొహిద్దీన్ స్టోర్ దగ్గర ఎవరితోనో నవ్వాడు, ఇటు తిరిగి చూశాడు. ఇక అనుమానం లేదనిపించింది. కిటికీని అట్లాగే వదిలి పక్క గోడ ఎత్తుకున్నాడు. సాయంత్రం కింది నుంచి “అయిందా?” అని అరిస్తే, “అయితున్నది సాబ్” అని అబద్ధమాడాడు.

తెల్లారి ఇంగ్లీషు ఇంజినీరు పైకొచ్చాడు. ఆ కంత ముందు నిలబడి ప్లాన్ విప్పాడు. ప్లాన్‌లో అక్కడ లోపల, కిటికీకి అడ్డంగా మెట్లున్నాయి, అందుకే దాన్ని మూసెయ్యాలి. ఆయన ముఖం ఎర్రబడింది.

వెనకే వచ్చిన మొహిద్దీన్ ముందుకొచ్చి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఇంజినీరు విసుక్కుని పుస్తకంలో ఏదో రాసుకుని దిగిపోయాడు.

“ఏం చెప్పినవ్ సాబ్?”

“బ్లాకులు తక్కువున్నయ్, నేనే ఆపిన అని చెప్పిన.”

మొహిద్దీన్ అతన్ని రోడ్డు అవతలికి తీసుకుపోయి వరుసంతా చూపించాడు. “జార్జ్ రాజుల కాలంల ఇంగ్లీషోళ్ల ఊర్లల్ల గిట్లనే కట్టేదంట. ఆ ఒక్క కిటికి లేకపోతే పన్ను ఊడినట్టు ఉండదా? అది లోపలోళ్లకు కాదు, తొవ్వ పొంటి పోయేటోళ్లకు.”

లింబాద్రి చూశాడు. నిజమే, కన్ను ఎక్కడా ఆగలేదు. మనసు మాత్రం ఇంకో మాట దగ్గర ఆగింది.

“నన్నెందుకు కాపాడినవ్?”

“వారంల స్లాబ్ పడాలె. ఇంకో మేస్త్రీని యాడికెళ్లి తేవాలె?”

“మరి భీమయ్య?”

మొహిద్దీన్ సముద్రం వైపు తిరిగాడు.

మధ్యాహ్నం లింబాద్రి సిమెంటు కలిపించాడు. తాపీ చేతిలోకి తీసుకునే ముందు మొహిద్దీన్ వైపు పెన్ను చాచాడు. “మూసెయ్యిమన్నది నువ్వేనని ప్లాన్ మీద సంతకం పెట్టు సాబ్.”

మొహిద్దీన్ ముఖం నల్లబడింది. “ఇంత చేసినంక గూడానా?”

లింబాద్రి చెయ్యి దించలేదు. మొహిద్దీన్ కాగితాన్ని గోడకు ఆనించి సంతకం పెట్టాడు. ఆ తర్వాత ఆ వరుస పూర్తయ్యేదాకా, పని మాట తప్ప ఇంకో మాట లింబాద్రితో మాట్లాడలేదు.