కంప్రెషన్ లేని బండి

వంతెన ఎక్కుతుండగా బండి ముందు దగ్గింది, తర్వాత నీరసించింది, నడిమధ్యకు వచ్చేసరికి చప్పుడు లేకుండా ఆగిపోయింది. వెనకాల లారీ హారన్ మోతకు నర్సు బండి మీంచి కిందికి దూకింది. బండిని పక్కకు లాక్కునేలోపే లారీ ఆమె మోచేతిని రాసుకుంటుందేమో అన్నంత దగ్గరగా దూసుకుపోయింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో తిట్టాడు. తిట్టు సరిగ్గా వినపడలేదు కానీ ముఖం మాత్రం కనపడింది. వాడు కూడా భయపడ్డాడు.

ఆమె ఇళ్లకు వెళ్లి, మంచం పట్టినవాళ్లకు పుళ్లు కడిగి కట్లు మార్చే నర్సు. ఆ పాత చిన్న బండి వాళ్ల నాన్నది. ఆయన పోయాక అన్నదమ్ములు తమకొద్దంటే ఆమె తెచ్చుకుంది. ఎంత ముసురు పట్టినా ఒక్క కిక్కుకే పలికే బండి, ఈమధ్య పేచీలకు దిగింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్టవుతుంది. ఇంజను వేడెక్కి, కాస్త ఎత్తు ఎదురైందంటే చాలు, మొరాయిస్తుంది. ఇక చల్లారేదాకా ఎన్ని కిక్కులు కొట్టినా మూలుగే.

బాగుచేసే మనిషికి కొదవేమీ లేదు. సొంత మరిదే మెకానిక్. ఆమె పెళ్లై ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి వాడు తల్లి లేని పిల్లవాడు. జ్వరాలొస్తే పక్కన కూర్చుంది ఆమె. చదువు అబ్బడం లేదని అన్న బెల్టు తీస్తే అడ్డం పడింది ఆమె. వాణ్ని షెడ్డులో పనికి చేర్పించిందీ ఆమే. అందుకే బండి ఎప్పుడు నలతపడినా వాడి చేతికే అప్పగించి నిశ్చింతగా ఉండేది.

"పిస్టన్ రింగులు పోయాయి వదినా, సిలిండరు లోపలి బోరు కూడా అరిగిపోయింది," అన్నాడు వాడు ఈసారి, తల ఎత్తకుండా చేతులు తుడుచుకుంటూ. "ఎంత చేసినా ఇంతే. ఇనప సామాను వాడికి ఇచ్చెయ్."

"విన్నావుగా?" అన్నాడు భర్త. "ఇంక ఆ తిరుగుళ్లు మానేయ్. నువ్వు ఊరంతా తిరక్కపోతే ఇల్లు గడవదా?"

ఆమె మానలేదు. కానీ బండి ఆగినప్పుడల్లా ఒకరిద్దరు రోగులకు కట్టు మార్చడం మర్నాటికి వాయిదా పడుతోంది. అందరికంటే ఎక్కువ నష్టపోతున్నది డ్రాయింగు మాస్టారు. ఆయన ఇల్లు వంతెనకు అవతల. ఏళ్ల తరబడి వెల్లకిలా పడుకుని వీపుకు పుండు పడింది. రోజూ కడగాల్సిన పుండు.

వంతెన మీద బండి ఆగిన ఆరోజు కూడా ఆయన దగ్గరికే బయల్దేరింది. బండిని తోసుకుంటూ వంతెన దిగితే మొదట కనపడింది గొణుగుడు షెడ్డు. ఆ ముసలి మెకానిక్ అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. నట్టు తిప్పినా, నీళ్లు తాగినా ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటాడు, అందుకే ఆ పేరు.

"తోసుకొచ్చావా? ఈ ఎండలో? బండిని నువ్వు మొయ్యాలా, నిన్ను బండి మొయ్యాలా?" అంటూనే కిక్ రాడ్‌ను చేత్తో నొక్కాడు. అది ఏ అడ్డూ లేకుండా కిందికి దిగిపోయింది. "చూశావా? చేతికి ఏమీ తగలట్లేదు. సిలిండర్లో గాలి నిలబడట్లేదమ్మా, కంప్రెషన్ లేదు."

"రింగులు పోయాయన్నారు తాతా."

"ఎవరా అన్నది? కొలిచి అన్నాడా, కలగని అన్నాడా?"

ప్లగ్ ఊడదీసి, ఆ కంతలో గాలి ఒత్తిడి కొలిచే ముల్లు గేజ్ బిగించాడు. ఆమెను యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకోమని తను కిక్కులు కొట్టాడు. ముల్లు ఉండాల్సిన చోటుకి సగం దూరం కూడా లేవలేదు. తర్వాత ఆ కంతలోనే చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ కొట్టాడు. ముల్లు మొదట ఆగినచోటే ఆగింది.

"రింగులు అరిగితే ఈ ఆయిలు వెళ్లి సందులు పూడ్చేది, ముల్లు పైకి లేచేది. లేవలేదు. కింద ఏ రోగమూ లేదు. గాలి పైన, వాల్వుల దగ్గర పోతోంది. చల్లారనీ, విప్పి చూస్తా."

చల్లారేదాకా ఆమె పాత టైరు మీద కూర్చుంది. ఫోను మోగింది. మాస్టారి కూతురు.

"ఎక్కడున్నారండీ? నాన్నకు ఒళ్లు కాలిపోతోంది. మాట తెలియట్లేదు. ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం."

"వచ్చేస్తున్నా," అంది. ఆస్పత్రి దాకా బండిని తోసుకుంటూ వెళ్లలేదు, ఆ ఎండలో రోడ్డు మీద ఆటో ఒక్కటీ లేదు. లేచి నిలబడి, మళ్లీ కూర్చుంది.

గొణుగుడు ఇంజను మీది మూతలు తీసి, వాల్వులను నొక్కే టాపెట్లను వేలితో కదిపాడు. మళ్లీ కదిపాడు. ఆ మనిషి గొణగడం మానేశాడు. ఆమెకు అప్పుడు భయం వేసింది.

"ఇక్కడ సన్నటి రేకు దూరేంత సందు ఉండాలి తల్లీ. వేడికి వాల్వు సాగితే ఆ సందే కాపాడుతుంది. ఇక్కడ సందు లేదు, బిగదీసి ఉంది. అందుకే వేడెక్కితే వాల్వు మూసుకోదు, గాలంతా పోతుంది."

"అరిగి అలా అవుతుందా?"

"అవ్వొచ్చు. కానీ రెండు వాల్వులూ ఒకే కొలతకి అరగవు. ఇదిగో, నట్టు మీద పానా గీతలు చూడు, తెల్లగా మెరుస్తున్నాయి. ఇది పని తెలిసినవాడే కావాలని బిగించాడు." మూత పక్కన పెడుతూ అడిగాడు. "నీ బండి మీద ఎవరెవరు చెయ్యి పెడతారు?"

ఆమె లేచి మందుల సంచి భుజాన వేసుకుంది.

ఆటో దొరికాక ముందు ఆస్పత్రికి వెళ్లింది; మాస్టారిని లోపలికి తీసుకెళ్లిపోయారు, ఎవరినీ రానివ్వట్లేదు. అక్కణ్ణుంచి తిన్నగా మరిది షెడ్డుకు వెళ్లింది. వాడు ఎవరిదో చక్రం విప్పుతున్నాడు. వదిన ముఖం చూడగానే చేతిలో పానా కింద పెట్టేశాడు.

"టాపెట్లు బిగించావా?"

"వదినా..."

"అవును, కాదు, అంతే చెప్పు."

"అన్నయ్యే అడిగాడు," అన్నాడు వాడు. "బండి పేచీ పెడితే ఆవిడే విసిగి మానేస్తుంది, గొడవ లేకుండా పోతుంది అన్నాడు. ఇంజను పాడుచెయ్యలేదు వదినా, నీమీద ఒట్టు. కొంచెం బిగించానంతే."

"ఇవాళ వంతెన మీద ఆగింది. వెనకాల లారీ."

వాడు విప్పుతున్న చక్రం పట్టుకుని నేల మీద చతికిలపడ్డాడు. ఏడుస్తాడనుకుంది. ఏడిస్తే ఇంతకుముందులాగే దగ్గరికి తీసుకుంటానేమోనని తనమీద తనకే అసహ్యం వేసి, వెనక్కి తిరిగి నడిచింది.

ఇంట్లో భర్త బుకాయించలేదు. అదే ఆమెకు ఎక్కువ మంట పుట్టించింది.

"నీ మంచికే చేశాను. పొద్దున పోతే సాయంత్రానికి గానీ రావు. ఎవరెవరి ఒళ్లూ తుడిచి వస్తావు. నలుగురూ నన్ను అడుగుతున్నారు. నోటితో చెప్తే ఎప్పుడైనా విన్నావా?"

"లారీ కింద పడుంటే? అదీ నా మంచికేనా?"

"పడలేదు కదా!" అన్నాడతను.

మాస్టారు ఆస్పత్రి నుంచి తిరిగి రాలేదు. పుండులోని విషం రక్తానికి ఎక్కిందన్నారు. ఆమె వెళ్లి తల వంచుకుని నిలబడితే, కూతురు చెయ్యి పట్టుకుంది. "మీరు రోజూ వచ్చి ఉంటే..." అని, మిగతా మాట మింగేసింది. రాత్రి ఆ సంగతి చెబితే భర్త, "పెద్దాయన, వయసైపోయింది కదా," అన్నాడు. ఆమె తన బట్టలు, మందుల సంచి తీసుకుని పక్కగదిలోకి మారిపోయింది.

గొణుగుడు ఇంజను పైభాగం, హెడ్డు, విప్పితే పొగ బయటికి వదిలే ఎగ్జాస్టు వాల్వు అంచు కాలి మాడిపోయి ఉంది. కొత్త వాల్వు వేసి, నూరి కూర్చోబెడుతుండగా మరిది వచ్చాడు. తనే చేసి ఇస్తానన్నాడు.

"ఈ హెడ్డు మీద చెయ్యి పెట్టావంటే ఆ చెయ్యి నీది కాదు," అన్నాడు ముసలాయన.

"నేను వదినని అడుగుతున్నా."

ఆమె కొత్త టాపెట్ మూత చేతిలో పట్టుకుని దాన్నే చూస్తూ, "తాతా, అతన్ని వెళ్లమనండి," అంది. ఇన్నేళ్లలో వాణ్ని 'అతను' అనడం అదే మొదటిసారి. వాడు వెళ్లిపోయాడు.

ఇప్పుడు బండి ఒక్క కిక్కుకే పలుకుతోంది, వంతెనను తేలిగ్గా ఎక్కుతోంది. పనికి వెళ్లే దారిలోనే మరిది షెడ్డు. మొన్న ఆమె బండి చప్పుడు గుర్తుపట్టి వాడు రోడ్డు మీదికి వచ్చాడు. "వదినా!" అని గట్టిగా పిలిచాడు.

వినపడనట్టు వెళ్లిపోయింది. వినపడింది.