ఎడమ లిఫ్టు గురించి నా సాక్ష్యం

పోయిన వారం కుడి లిఫ్టు మళ్లీ పాడైంది. బాగుచేసేవాడు వస్తాడు, ఒక బటన్ నొక్కి చూస్తాడు, పార్టు రావాలంటాడు, వెళ్లిపోతాడు. ఆ పార్టు ఏ దేశంలో ఉందో, ఎప్పుడు బయల్దేరుతుందో ఎవరికీ తెలియదు.

ఖాజాగూడలో మేముండే అపార్ట్‌మెంట్‌లో బ్లాకుకి రెండు లిఫ్టులు. కుడిదాంట్లో అద్దం, ఫ్యాను ఉంటాయి. అది ఇళ్లలో ఉండేవాళ్లకి. ఎడమదాంట్లో ఏమీ ఉండవు. అది వంటమనుషులకి, పనిమనుషులకి, గ్యాస్ సిలిండర్లకి, చెత్త డబ్బాలకి. కుక్కలకి మాత్రం కుడి లిఫ్టే. అవి ఇళ్లలోనే ఉంటాయి కదా. ఈ రూలు నేను పెట్టలేదు. నేను అసోసియేషన్ సెక్రటరీ అయ్యాక బోర్డు మాత్రం పెట్టించాను, రెండు భాషల్లో.

కుడి లిఫ్టు పాడైతే తొమ్మిదో అంతస్తువాడు ఆఫీసుకి వెళ్లాలంటే మెట్లు దిగాలి, లేదా చెత్త డబ్బా పక్కన ఊపిరి బిగబట్టి నిలబడాలి. నాకు మోకాలి నొప్పి. నిలబడ్డాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అలా నిలబడటం గురించే నేను చర్చిలో సాక్ష్యం చెప్పాను.

మా చర్చి ఒక టిఫిన్ సెంటర్ పైన రెండో అంతస్తులో ఉంటుంది. ప్రార్థన మధ్యలో మసాలా దోసె వాసన వస్తుంది, ఎవరూ పట్టించుకోరు. అక్కడ ఆదివారం సాయంత్రం జరిగే స్టూడెంట్ల కూడికకి నేను ఇన్‌చార్జిని. నాకు నలభై ఆరేళ్లు. వాళ్లు నన్ను అన్నా అంటారు. ఇంత వయసులో ఇన్‌చార్జిగా ఉండటానికి అదొక్కటే కారణం కాదు గానీ, అదీ ఒకటి.

ఆ కూడికలో సాక్ష్యాలన్నీ ఒకేలా ఉండేవి. ఎవర్ని లేపినా, "దేవునికి స్తోత్రం, ఈ వారం ఎంతో ఆశీర్వాదకరంగా గడిచింది" అని కూర్చునేవాళ్లు. ఫెయిలైనవాడికీ ఆశీర్వాదకరంగానే గడిచేది. అందుకని మా ఆఫీసు పద్ధతి ఒకటి తీసుకెళ్లి అక్కడ పెట్టాను. మా టీమ్‌లో రెండు వారాలకోసారి రెట్రో అని కూర్చుంటాం. ఏం చేద్దామనుకున్నాం, ఏం చేశాం, ఏం కుదరలేదు, ఎందుకు కుదరలేదు, ఇవి చెప్పుకోవాలి. ఎవరూ ఎవర్నీ తప్పుపట్టకూడదు. పిల్లలకీ అదే చెప్పాను. వాక్యంలో విన్నది ఏదో ఒకటి వారం పాటు నిజంగా చేయాలి, వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాలి, ఆశీర్వాదకరం అనే మాట వాడకూడదు.

ఆఫీసు రెట్రోలో నిజం ఎవరూ చెప్పరు. పిల్లలు చెప్పడం మొదలుపెట్టారు. నేను ఊహించనిది అదే.

ప్రశాంత్ అని ఇంజనీరింగ్ కుర్రాడు లేచి, "శత్రువుని క్షమిద్దామని రూమ్మేట్‌ని క్షమించినన్నా. వాడు మళ్ల నా ఛార్జర్ తీస్కపోయిండు. ఇగ క్షమించలే" అన్నాడు. అందరూ నవ్వారు, ఆ తర్వాత దాని గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు గర్వంగా అనిపించింది. పాస్టర్‌గారు కూడా మెచ్చుకున్నారు. అంతా బాగుందనగా దీవెన అనే అమ్మాయి చెయ్యెత్తింది.

"అన్నా, మీ రెట్రో ఎప్పుడు?"

దీవెన బీటెక్ రెండో సంవత్సరం. వాళ్లమ్మ సలోమి మా బ్లాకులో నాలుగిళ్లలో వంట చేస్తుంది, అందులో మాదొకటి. చర్చిలో ఆమెని "వందనాలండీ సలోమి సిస్టర్" అంటాను. ఇంట్లో "సలోమీ, పప్పులో ఉప్పు ఎక్కువైంది" అంటాను. రెండూ నేనే అంటాను. ఎప్పుడూ తడబడలేదు.

నేను ఏ వారమూ ఏదీ ఎంచుకోలేదు. ఇన్‌చార్జికి అక్కర్లేదనుకున్నాను. పిల్లలంతా చూస్తుంటే నోటికి లిఫ్టు వచ్చింది.

"మా అపార్ట్‌మెంట్‌లో పనివాళ్లకి వేరే లిఫ్టు ఉంది. అది నాకు సరైందిగా అనిపించలేదు. ఈ వారం వాళ్లతోపాటే వాళ్ల లిఫ్టులో వెళ్లాను," అన్నాను.

వెళ్లిన మాట నిజమే. కుడిది పాడైన సంగతి చెప్పలేదు.

చప్పట్లు మొదలయ్యాయి. ప్రశాంత్ చప్పట్లు ఆపకుండానే అడిగాడు. "అన్నా, మీరే కద సెక్రటరీ? మరి రూల్ తీసేసిన్రా?"

"తీసేసినట్టే," అన్నాను.

ఆఫీసులో 'అయిపోయినట్టే' అంటే ఇంకా మొదలుపెట్టలేదని అర్థం. క్లయింట్‌తో సహా అందరికీ తెలుసు. ఈ పిల్లలు ఇంకా ఉద్యోగాల్లో చేరలేదు.

దీవెన ఇంటికెళ్లి వాళ్లమ్మకి చెప్పింది. బుధవారం ఆ పార్టు ఎలాగో వచ్చి కుడి లిఫ్టు నడిచింది. గురువారం పొద్దున్న సలోమి రెండు చేతుల్లో కూరగాయల సంచులతో వచ్చి కుడి లిఫ్టు ఎక్కింది. లోపల మా ప్రెసిడెంట్ రామబ్రహ్మంగారు, ఆయన కుక్క ఉన్నారు. కుక్క ఏమీ అనలేదు.

కాసేపటికి ఆయన ఫోన్ చేశారు. ఆయన ఏలూరువైపు మనిషి, ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు. కోపం వచ్చినా అండీ తగ్గదు.

"సుందర్‌గారూ, మీ వంటావిడ కుడి లిఫ్టు ఎక్కిందండీ. ఇదేంటమ్మా అంటే, సెక్రటరీగారే రూలు తీసేశారండి అంటోందండీ! మీ పేరు వాడుకుని ఎంత అబద్ధం చూడండి!"

"ఏదో కమ్యూనికేషన్ గ్యాప్ అయ్యుంటుందండీ."

"గ్యాప్ ఆవిడకా మీకా?"

"అంటే... చూస్తానండీ."

"చూడ్డానికేముందండీ? గేట్ పాస్ తీసేద్దాం. లిఫ్టు సంగతి వదిలేయండి, అబద్ధాలాడే మనిషిని ఇళ్లల్లోకి ఎలా రానిస్తాం? నేను అసోసియేషన్ యాప్‌లో పెట్టేశాను. మీరు ఓకే నొక్కితే అయిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం కమిటీలో అందరికీ చెబుదాం."

గేట్ పాస్ పోతే ఒక్క మా ఇల్లే కాదు, నాలుగిళ్లూ పోతాయి. దీవెన కాలేజీ నడిచేది ఆ నాలుగిళ్ల వంటతోనే.

మర్నాడు సలోమి మా వంటింట్లో దోసెలు పోస్తూ, నావైపు తిరగకుండానే అడిగింది. "సార్, నేను అబద్ధమాడిన అంటున్నరంట. గేట్ కాడ వాచ్‌మన్ ఎల్లయ్య చెప్పిండు. మీరు చెప్పిన్రని దీవెననే చెప్పింది సార్. అది అబద్ధం చెప్పదు. మీరే కద నేర్పిన్రు."

"నేను మాట్లాడతాను," అన్నాను.

"జర జల్ది మాట్లాడుండ్రి సార్. మస్తు పరేషాన్ ఉంది." ప్లేట్లో దోసె వేసింది. చుట్టూ కరకరలాడుతూ బాగా వచ్చింది. తిన్నాను.

నా భార్య నిర్మలకి మొత్తం చెప్పాను. ఆమె సాంతం విని, "ఆవిడ మానేస్తే పొద్దున్న టిఫిన్ నువ్వు చేస్తావా?" అంది. దోసె పిండి గురించి నాకేమీ తెలియదు. కాబట్టి ఓకే నొక్కలేదు. నొక్కకపోవడానికి ఇంకా మంచి కారణం ఉండాల్సిందని నాకూ తెలుసు.

రామబ్రహ్మంగారి దగ్గరికి వెళ్లి, రూలు నిజంగానే తీసేస్తే ఎలా ఉంటుందండీ అని అడిగాను. తీసేస్తే నా మాట నిజమైపోతుంది, వెనక తేదీ వేసుకోవచ్చు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"బోర్డు పెట్టించింది మీరే కదండీ?"

"అప్పుడు అలా అనుకున్నానండీ."

"ఇప్పుడు ఆవిడ అబద్ధమాడాక మారిస్తే, అబద్ధానికి లొంగినట్టు అవ్వదూ? ఒకవేళ మీరే అన్నారనుకోండి, అది వేరే సంగతి. అప్పుడు ఆవిడ తప్పేమీ లేదు. అన్నారా?"

నేను ఆయన కుక్కని నిమిరాను. అది కూడా జవాబు కోసం చూస్తున్నట్టే ఉంది.

కిందికి వచ్చేసరికి దీవెన మెసేజ్ పెట్టింది. "అన్నా, ఈ ఆదివారం నా రెట్రోల ఏం చెప్పాలె? అమ్మకి మంచి మాట చెప్పిన, ఫెయిలైంది. ఎందుకు ఫెయిలైందో చెప్పాలంటే మీ పేరు వస్తది. ఎవర్నీ తప్పుపట్టొద్దని రూల్ ఉంది కద. జర చెప్పండి." కింద చేతులు జోడించిన బొమ్మ. వెటకారమేమో అని ఆ బొమ్మని పెద్దది చేసి చూశాను. వెటకారం కాదు.

ఇవాళ శనివారం. రేపు మధ్యాహ్నం కమిటీ, సాయంత్రం కూడిక. కమిటీలో సలోమి అబద్ధం ఆడలేదని చెప్పాలంటే, ఆడింది నేనని చెప్పాలి. కూడికలో అది చెబితే పిల్లలు ఇక ఎవరి మాట నమ్మాలి? చెప్పకపోతే దీవెన లేచి, నన్ను తప్పుపట్టకుండా తన ఫెయిల్యూర్‌ని వివరించడానికి కష్టపడుతుంటే, నేను ముందు కుర్చీలో కూర్చుని తలూపాలి. ఎంత కష్టపడుతుందో నాకు తెలుసు. ఆ పిల్ల నిజంగానే ప్రయత్నిస్తుంది. పోనీ జ్వరమని రెండింటికీ ఎగ్గొడదామంటే, సలోమి గంజి కాచి తెస్తుంది.

యాప్ గంట గంటకీ ఓకేనా కాదా అని అడుగుతోంది. ఫోన్ బోర్లా పెట్టాను. బోర్లా పెట్టినా అడుగుతోంది.

చదువుతున్న అన్నలూ, అక్కలూ, అండీలూ, దయచేసి ఏం చేయాలో చెప్పండి. మీ అపార్ట్‌మెంట్‌లో ఇలాంటిది జరిగే ఉంటుంది, మీకూ రెండు లిఫ్టులు ఉండే ఉంటాయి. ఏ సలహా అయినా వింటాను. నిజం చెప్పేయమని మాత్రం రాయకండి. అది నాకు తెలుసు, పిల్లలకి నేర్పిందే నేను. అది కాకుండా ఇంకేదైనా ఉంటే చెప్పండి, రేపు మధ్యాహ్నం లోపల. ఇంకేదీ లేకపోతే, అదే చెప్పండి గానీ కాస్త మెల్లిగా చెప్పండి.