పక్కింటి వీణ ఎవరిది?

టేపురికార్డరు పట్టుకొచ్చినవాణ్ణి చూడగానే సుబ్బాయమ్మకు ఒళ్ళు మండింది. రామచంద్రపురంలో వీణ కామేశంగారు పోయి ఏడాదైనా కాలేదు, అప్పుడే ఇంటి గుట్టు కూపీ లాగడానికి మనిషొచ్చేశాడు! పేరు గణేష్‌బాబట, కామేశంగారి మీద పుస్తకం రాస్తున్నాడట. రాస్తే కచేరీల గురించి రాసుకోవాలిగానీ, ఇరుగుపొరుగు గుమ్మాలెక్కడమేంటి?

వీధిలో అందరిదీ ఒకటే మాట. "తెల్లారగట్ల ఆయన వీణ వినే లేచేవాళ్ళమండీ!" సుబ్బాయమ్మ లోలోపల నవ్వుకుంది. ఆ మహానుభావుడు ఎండెక్కేదాకా గురక పెట్టేవాడు. వాయించేది భార్య మాణిక్యాంబ. సంగతి బయటపడితే మొగుడి పరువు పోతుందని, అన్నవరం ప్రసాదం సుబ్బాయమ్మ చేతిలో పెట్టి మరీ ఒట్టు వేయించుకుంది. సత్యనారాయణస్వామి ప్రసాదం మీద ఒట్టు తప్పితే ఇంకేమైనా ఉందా?

సుబ్బాయమ్మ అరుగు మీద గణేష్‌బాబు టేపు నొక్కాడు. ఎదురింటి పల్లంరాజు తన గుమ్మంలోంచే చెవులు రిక్కించాడు.

"కామేశంగారు మద్రాసు వెళ్ళినప్పుడు కూడా వీణ వినపడేదాండీ?"

సుబ్బాయమ్మకు అనుమానం వచ్చింది. ఎవరినీ అడగని ప్రశ్న తననే ఎందుకు అడిగినట్టు? వీడు అన్నీ తెలిసే వచ్చాడు. మాణిక్యాంబను అల్లరిపాలు చేయడానికే.

"ఎలా వినపడుద్దయ్యా, వాయించే మనిషే ఊళ్ళో లేకపోతే?"

"మరి మాణిక్యాంబగారు..."

"ఆవిడకి వీణ తుడవడం వచ్చు. అంతే! రాసుకో."

కుర్రాడి మొహం వాడిపోయింది. దండం పెట్టి బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

సుబ్బాయమ్మ గబగబా పెరటి గోడ దగ్గరికి వెళ్ళింది. "వదినా, నీ గుట్టు కాపాడాను!"

విన్నదంతా విని మాణిక్యాంబ అక్కడే కూలబడింది. "ఆ అబ్బాయిని నీ దగ్గరికి పంపిందే నేను వదినా. బతికున్నన్నాళ్ళూ ఆయన పరువే చూశాను. ఇప్పుడైనా నా పేరు నాకు కావాలనిపించింది. నేనే చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు? నిజం తెలిసినదానివి నువ్వొక్కదానివే."

"మరి ఒట్టో?"

"అయ్యో, అదింకా పట్టుకునే ఉన్నావా? తీసి గట్టున పెట్టెయ్యవే!"

సుబ్బాయమ్మ చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది. "ఓ అబ్బాయ్, ఆగు! నేను చెప్పిందంతా అబద్ధం! వాయించింది మాణిక్యాంబే!"

బస్సు అప్పటికే మలుపు తిరిగిపోయింది. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది.

పల్లంరాజు కళ్ళు చికిలించి అడిగాడు. "ఇందాకే తుడవడం తప్ప రాదన్నారు కదండీ సుబ్బాయమ్మగారూ. ఈలోపు ఆవిడేం నూరిపోసిందేంటి మీకు?"