చెవిలో వాన

చెవిలో మోత పోగొట్టమన్న తన దువా అల్లా దాకా పోలేదా, లేక అల్లా పంపిన జవాబే ఈ మోతలో పడి తనకు వినబడకుండా పోయిందా? మొహిద్దీన్ సాబ్‌కు ఈ సందేహం ఏళ్ళ తరబడి ఉంది. నమాజు ముగించి అరచేతులు ముఖానికి తుడుచుకున్న ప్రతిసారీ అది తలెత్తేది. ఎవరినైనా అడుగుదామంటే నోరు రాదు. మసీదులో హజ్రత్‌ను అడిగితే నీకు నమ్మకం చాలలేదంటాడేమో. భార్య దౌలత్‌బీని అడిగితే నవ్వుతుందేమో.

మోత మొదలైంది డెబ్భై అయిదు ఎండాకాలంలో. పెనుకొండ దాటి హిందూపురం పోయే రోడ్డు పక్కన వాళ్ళ ఊరు. ఆ ఏడు బావులన్నీ అడుగంటాయి. పట్టుపురుగుల కోసం పెంచే మల్బరీ తోట ఎండిపోతోందని ఆయన తన బావిలో బండ పగలగొట్టించడానికి తూటాలు పెట్టించాడు. అందరూ దూరంగా పరుగెత్తారు. ఆయన మాత్రం గట్టున కట్టేసిన ఎద్దు గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. ఎద్దుకేమీ కాలేదు. బావిలో నీళ్ళు కూడా పడ్డాయి. ఆయన చెవిలో ఆ పొద్దు పట్టిన వాన మాత్రం మళ్ళీ వెలవలేదు.

వాన అనే అనాలి దాన్ని. ఈల కాదు, గంట కాదు. రేకుల మీద సన్నగా, తెరిపి లేకుండా పడే వాన. పట్టుపురుగులు మేపేవాళ్ళయితే ఇంకొకటి అంటారు. పట్టుపురుగు నాలుగుసార్లు తిండి మాని పడుకుని, తోలు విడిచి లేస్తుంది. ఆ పడకను ఆ వైపు జ్వరమంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగుల ఆకలి అంతా ఇంతా కాదు. గది నిండా వేల పురుగులు ఒక్కసారిగా ఆకు కొరుకుతుంటే, కొత్త కోడళ్ళు వానొచ్చిందనుకుని ఆరేసిన బట్టల కోసం పరుగెత్తుతారు. మొహిద్దీన్ సాబ్ చెవిలో పట్టినది అచ్చం ఆ చప్పుడే. అదే కొంప ముంచింది.

పురుగుల గదిలోకి ఎవరు పడితే వాళ్ళు పోకూడదు. బీడీ కంపుతోనో అత్తరు వాసనతోనో అసలు పోకూడదు. ఒళ్ళు కడుక్కుని, వేరే గుడ్డ కట్టుకునే పోవాలి. అందుకని మాటిమాటికీ తలుపు తియ్యరు, చెవి ఆనిస్తారు. లోపల వాన కురుస్తుంటే పురుగులు తింటున్నట్టు. వెలిసిందంటే ఆకు వెయ్యాలన్నమాట.

బావి పేల్చిన మరుసటి ఏడు, ఒక శుక్రవారం, దౌలత్‌బీ చెల్లెలి బిడ్డను చూడడానికి హిందూపురం పోయింది. మొహిద్దీన్ సాబ్ పెనుకొండలో జుమ్మా నమాజు చదువుకుని అత్తరు చొక్కాతో ఇల్లు చేరాడు. తలుపుకు చెవి ఆనించాడు. వాన. ఇంకా తింటున్నాయిలే అని అరుగు మీద నడుం వాల్చాడు. లేచి మళ్ళీ విన్నాడు. వాన. పొద్దు వాలేవేళ దౌలత్‌బీ వచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని తలుపు తీసింది. తట్టల్లో ఈనెలు తప్ప ఆకు లేదు. పురుగులన్నీ తలలు పైకెత్తి గాలిలో అటూ ఇటూ వెతుకుతున్నాయి. చప్పుడన్నది లేదు.

"ఏమయ్యా, నీ చెవి యాడ పెట్టినావు?"

"ఈడే పెట్టినా," అన్నాడాయన తలుపు చూపించి. "వినపడె. అల్లా తోడు, వినపడె."

తోటలో ఆకు ఎండకు వాడి వేలాడుతోంది. వాడిన ఆకు వేస్తే పురుగు చస్తుంది. ఈ గొడవ విని పక్క వీధి అంజనప్ప, తన పురుగులకని తడిగోనె కింద దాచుకున్న మోపు ఆకు నెత్తిన పెట్టుకొచ్చాడు. దుడ్లు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఆకుకు దుడ్లు తీసుకుంటే పురుగుల గదిలో లక్ష్మి నిలుస్తాదా? ఆకు తీసుకున్నావు, ఆకే ఇయ్యి."

ఆ ఊరి పద్ధతే అది. ఆ పంట పట్టుగూళ్ళు పల్చగా దిగాయి. హిందూపురం గూళ్ళ మార్కెట్లో కొనేవాళ్ళు వేళ్ళతో నొక్కి చూసి పెదవి విరిచారు. మోపు తిరిగిచ్చేలోగా అంజనప్ప బావి ఎండింది. అతను మల్బరీ పెరికేసి వేరుశనగ వేశాడు, తట్టలు అటక ఎక్కించాడు. పురుగులే లేని ఇంటికి ఆకు తీసుకుపోయి ఏం చెయ్యాలి? మేకలకు వెయ్యమనాలా? బాకీ అట్లాగే నిలిచిపోయింది. దారిలో ఎదురైనప్పుడల్లా అంజనప్ప, "ఏమప్పా సాబూ, నా మోపు యాడ?" అని నవ్వేవాడు. అతనికది పరాచికం. ఈయనకు ముల్లు.

ఇంట్లో దౌలత్‌బీ తిట్టలేదు. "నువ్వు ఆకు కోసుకొని రా, చాలు. వినే పని నాది," అంది. తిట్టినా బాగుండేది. సొంత ఇంట్లో ఆ తలుపు ముందు నుంచి ఆయన పరాయివాడిలా తల వంచుకుని నడిచేవాడు.

ఇక కాలు ఒకచోట నిలవలేదు. హిందూపురంలో చెవుల డాక్టరు దీపం పెట్టి చూశాడు, ఇనుప కడ్డీ మోగించి చూశాడు. "కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. తగ్గనివాళ్ళకు కూడా కొన్నాళ్ళకు పోయినట్టే ఉంటుంది. దాని వెంట పడొద్దు," అన్నాడు. పోవడమూ, పోయినట్టుండడమూ ఒకటెట్లా అవుతాయి? రైల్లో ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన. ఇంజను మోతలో చెవి మోత కలిసిపోయి, దిగాక మళ్ళీ లేచింది.

ధర్మవరంలో మారెప్ప అని, రైలింజన్లకు బొగ్గు వేసి రిటైరైన ముసలాయనకు ఇదే జబ్బు వచ్చి పోయిందని ఎవరో చెబితే అక్కడికీ పోయాడు. మారెప్ప మంచం మీద కూర్చుని మరమరాలు తింటున్నాడు.

"తాతా, నీకు మోత పోయిందంటనే?"

"ఆఁ?"

"మోత! చెవిలో మోత!"

"ఓ, అదా! సుబ్బరంగా పోయింది."

"ఎట్లా పోయింది తాతా?"

"ఆఁ? ఏమంటివి?"

పక్కనున్న మారెప్ప కోడలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మోత పోయింది, దాంతో చెవీ పోయిందిలేప్పా. నీకు అట్లా కావాల్నా?"

పెనుకొండ దర్గాలో చక్కెర పెట్టి దువా చదివించాడు. వెల్లుల్లి కాచిన నూనె చుక్కలు వేయించుకున్నాడు. తలగడ మార్చాడు, పడక మార్చాడు. కళ్ళు తెరవగానే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఉందా అని చూసుకునేవాడు. ఉండేది.

"దినామూ పొద్దున్నే లేచి పలకరిస్తాండావు. మర్యాద చేసే ఇల్లు వదిలి అదెందుకు పోతాది?" అంది దౌలత్‌బీ. ఆయనకు కోపం వచ్చింది. అన్నం సగంలో లేచిపోయాడు. కానీ ఆ మాట వెంట వచ్చింది.

ఏళ్ళు గడిచాయి. ఎనభై నాలుగులో అంజనప్ప బోరు వేయించి, మళ్ళీ మల్బరీ నాటి, అటక మీది తట్టలు దించాడు. తొలి పంట పురుగులు నాలుగో జ్వరం లేచిన తర్వాత, ధర్మవరంలో బావమరిదికి ఒంట్లో బాగాలేదని కబురొస్తే భార్యాభర్తలిద్దరూ తెల్లారుజామునే ఆకు వేసి రైలెక్కారు. మధ్యాహ్నం బండికి వచ్చేస్తామన్నారు. బండి రాలేదు. ఇంట్లో అంజనప్ప తల్లి చౌడమ్మ ఒక్కతే ఉంది. ఆమెకు చెవులు వినబడవు, మోకాళ్ళు లేవవు.

ఆ రోజు కూడా శుక్రవారమే. జుమ్మా చదువుకుని వస్తున్న మొహిద్దీన్ సాబ్‌ను అరుగు మీద నుంచి ఆమె కేకేసింది.

"ఓ మొయిద్దీనూ! ఇట్లా రా నాయనా. పురుగులు తింటాండాయో లేదో రవ్వంత విను."

"నేనా? నా చెవి సంగతి నీకు తెల్దా అవ్వా?"

ఆమెకు వినబడలేదు. "లోపలికి పోవద్దు, సెంటు పూసుకొని వచ్చినావు. గుమ్మం కాడ్నే నిలబడు!"

 మళ్ళీ అట్లాంటి తలుపే, అదే అత్తరు. తింటున్నాయని చెప్పి, అవి పస్తుంటే? తినడం లేదని చెప్పి, దౌలత్‌బీ తన పురుగులకని దాచిన ఆకు ఊరికే తెప్పిస్తే? బిస్మిల్లా అనుకుని తలుపుకు చెవి ఆనించాడు.

వాన. ఎప్పటి వానే.

 వెనక్కి రాబోయి ఆగాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ విన్నాడు. ఈ వాన ఆయనకు తెలుసు. రోజూ పలకరించిన వాన. హెచ్చదు, తగ్గదు, ఊపిరి తీసుకోదు. పురుగుల వాన అట్లా ఉండదు. ఒక తట్టలో మందగిస్తుంది, ఇంకో తట్టలో ఎత్తుకుంటుంది, పుల్ల మీది నుంచి పురుగు జారితే టప్పుమంటుంది. తలుపు నుంచి నాలుగడుగులు దూరం పోయి విన్నాడు. అదే వాన, అంతే వాన. తిరిగి వచ్చి ఆనించాడు. ఆ వానకు ఇంకే చప్పుడూ చేరలేదు. ఇది నాది, లోపల ఏమీ లేదు అనుకున్నాడు.

ఇంటికి పరుగులాంటి నడకతో పోయాడు. "ఏమ్మే, తడిగోనె కింద ఆకు ఇయ్యి. అంజనప్ప పురుగులు పస్తుండాయి."

దౌలత్‌బీ చేటలో బియ్యం వదిలి లేచింది. "ఎవరు చూసినారు?"

"చూల్లేదు. విన్నా."

"ఏం వినపడింది?"

"ఏమీ వినపళ్ళా. అందుకే ఇయ్యమంటాండా."

 ఆమె గోనె తీసి, ఆకు మోపు కట్టి, "తొట్లో నీళ్ళుండాయి. ముందు ఆ అత్తరు కడుక్కో," అంది.

తల తుడుచుకుంటుంటే గుర్తొచ్చింది, ఈ పొద్దు లేచినప్పుడు చెవిని పలకరించనే లేదని. నిన్న పలకరించాడా? జ్ఞాపకం రాలేదు.

అంజనప్ప గది తలుపు తీసేసరికి తట్టల్లో ఈనెలే మిగిలాయి. పురుగులు అప్పుడప్పుడే తలలెత్తుతున్నాయి. తట్ట తర్వాత తట్ట ఆకు పరిచాడు. చివరి తట్టకు వచ్చేసరికి మొదటి తట్టలో చప్పుడు మొదలైంది. చెవిలో వానా, గదిలో వానా కలిసి కురిశాయి. ఈసారి వేరు చేసి చూడాలనిపించలేదు.

పొద్దు వాలేవేళ అంజనప్ప, అతని భార్య కొండమ్మ రోడ్డు మీద నుంచి ఉరుకుతూ వచ్చారు. అరుగు మీద కూర్చున్న మొహిద్దీన్ సాబ్‌ను చూసి, విషయం తెలియని అంజనప్ప అంత ఆయాసంలోనూ అలవాటు కొద్దీ అనేశాడు.

"ఏమప్పా సాబూ, నా మోపు యాడ?"

మొహిద్దీన్ సాబ్ లేచి తలుపు వైపు చెయ్యి చూపించాడు. అంజనప్ప పోయి చెవి ఆనించాడు. అతని ముఖం మెల్లగా తేరుకుంది.

"తింటాండాయి," అన్నాడు.

"తిననీ. నీ ఆకే."