దిద్దిన కళ్ళు

తమ్ముడు ఫొటోలు తీసేవాడు, అక్క కంప్యూటరు ముందు కూర్చుని మొహాలు దిద్దేది. స్టూడియో అలాగే నడిచేది. మొటిమ ఉంటే తీసెయ్యడం, కంటి కింద నలుపుంటే తుడిచెయ్యడం ఆమె పని. చేసి చేసి చేతికి ఎంత అలవాటైపోయిందంటే, ఎదురుగా మనిషి కూర్చున్నా ఎక్కడ తుడవాలా అని వేళ్ళు కదిలేవి.

బోర్డు మీద ఏ పేరున్నా జనం మాత్రం దాన్ని బొంత స్టూడియో అనేవారు. బొంత వాళ్ళ కుక్క, షార్‌పే జాతి. నుదుటి నుంచి తోక దాకా మడతలే. రెండు కుక్కలకు సరిపడా చర్మం ఒక్కదానికే తొడిగారా అనిపించేది. అది పక్కన కూర్చుంటే గాని పిల్లలు ఫొటోకి నిలబడేవారు కాదు. అయితే బొంత ఎప్పుడూ కళ్ళు చికిలించే చూసేది, కంటి వెంట నీళ్ళు కారేవి. ఫ్లాష్ పడితే ఎవరైనా చికిలిస్తారు కదా అనుకున్నారు అక్కాతమ్ముళ్ళు. ఫ్లాష్ లేని వంటింట్లో కూడా చికిలిస్తోందేమిటని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. బుద్ధి గడ్డి తినడం అంటే ఇదే మరి.

ఒక పొద్దున తమ్ముడు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. బొంతకి జోడీ కుదిరింది. మగకుక్క యజమాని, మొహం స్పష్టంగా కనిపించే ఫొటో ఒకటి పంపమన్నాడు. పుట్టే పిల్లల్లో ఒకటి మామగారికి ఇస్తానని తమ్ముడు ఎప్పుడో మాటిచ్చేశాడు. ఇంకొకటి నాదేనంటూ బావమరిది దానికి పేరు కూడా పెట్టేసుకున్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

తీసిన ఫొటోని అక్కకిచ్చి, త్వరగా కానిమ్మంటూ కుర్చీ వెనకే నిలబడ్డాడు. ఆమె బొంత మొహాన్ని తెర నిండా పెద్దది చేసింది. కంటి మూల ఎరుపు తుడిచింది. నీటి చార తుడిచింది. ఎడమ కంట్లో తెల్లటి చుక్క ఉంటే అదీ తుడిచేసింది. అప్పుడు ఆగింది చెయ్యి. కంట్లో తెల్లగా కనిపిస్తే అది లైటు మెరుపే అయ్యుండాలి. కుడి కంట్లో ఆ మెరుపు నలుచదరంగా, అద్దంలో పడ్డట్టు ఉంది. ఎడమ కంట్లో కూడా మెరుపు వేరే ఉంది, కాకపోతే చితికిపోయి ఉంది. మరి తాను తుడిచిందేమిటి?

పాత ఫొటోలు, దిద్దకముందువి, ఒక్కొక్కటీ తెరిచింది. బొంత పిల్లగా ఉన్నప్పటి నుంచీ అదే ఎరుపు, అవే నీళ్ళు. అన్నీ ఆమె చేత్తో తుడిచినవే. రోజూ చూస్తూ, రోజూ తుడిచేస్తూ, ఒక్కసారీ చూడలేదు. తన చేతిని తనే నరుక్కోవాలనిపించింది.

ఫొటో పంపలేదు. తమ్ముడు వద్దంటున్నా వినకుండా కుక్కని ఆటో ఎక్కించింది. విధిలేక అతనూ ఎక్కాడు.

పశువుల డాక్టరమ్మ మడతలు ఎత్తి చూసింది. కనురెప్పలు లోపలికి ముడుచుకుపోయి, వెంట్రుకలు కనుగుడ్డును గీకుతున్నాయట. కళ్ళల్లో ఇసుక పోసుకుని తిరుగుతున్నట్టే ఉంటుందంది. గీకి గీకి ఎడమ కన్ను పుండైంది. వెంటనే ఆపరేషన్ చెయ్యకపోతే ఆ కన్ను దక్కదు. ఫొటోల కోసం మడతల్లో వీళ్ళు అద్దిన పౌడరు చెమ్మకి ముద్దకట్టి, కింద చర్మం పాచిపోయి ఉంది. పౌడరు మానేసి, మడత మడతనీ తుడిచి ఆరబెట్టమని చేసి చూపించింది.

ఒక్క ఈత పిల్లల్ని పెట్టాక చేయిద్దామా అని తమ్ముడు నసిగాడు. అంతవరకు కన్ను ఆగదంది డాక్టరమ్మ. అయితే ముందు కళ్ళు బాగుచేసేయండి, జత సంగతి తర్వాత చూసుకుంటామన్నాడు.

"కుట్లేసి దీని రెప్పలు సరిచేస్తాను. పుట్టే పిల్లలకి మళ్ళీ ఈ రెప్పలే రావచ్చు. వాటినీ నా దగ్గరికే తెస్తారా?" అంది ఆవిడ. కళ్ళు మానాక పిల్లలు పుట్టకుండా కూడా ఆపరేషన్ చేయించడం మేలని చెప్పింది.

ఇంటికొచ్చాక రగడ మొదలైంది. మామగారి ముందు తన మాట పోతుందన్నాడు తమ్ముడు.

"నీ మాట పోతే ఇంకో మాట చెప్పుకుంటావు. దాని కళ్ళు పోతే ఎక్కణ్ణుంచి తెస్తావురా?"

"కుట్లు మానిపోతే ఎవరికి తెలుస్తుందక్కా?"

"నేను ఫొటోలో తుడిస్తే ఎవరి మొటిమైనా పోయిందా?"

దిద్దని ఫొటోనే మగకుక్క యజమానికి పంపి, జత కుదరదని చెప్పేసింది. మామగారికీ తనే ఫోన్ చేసి, కాదన్నది నేనేనండీ, తిట్లేవో నన్నే తిట్టండి అంది. ఆయన మొహమాటపడకుండా తిట్టాడు కూడా. తమ్ముడు మూతి ముడుచుకుని, అన్నం పెట్టనా అంటే గోడకి జవాబు చెప్పేవాడు.

ఆపరేషన్ రోజు మాత్రం పిలవకుండానే వచ్చాడు. అక్క ఆసుపత్రి వసారాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉంది. కూర్చోమంటే కూర్చుంది, కూర్చున్నంత సేపూ ఉంగరం తిప్పుకుంటూనే ఉంది. ఆ ఎడమ కన్ను పోతే తప్పు తనదే, ఇంకెవరిదీ కాదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచేది. చివరికి డాక్టరమ్మ బయటికొచ్చి, ఎడమ కన్నూ నిలిచింది, చిన్న మచ్చ మిగులుతుందంతే అంది. అక్క ఆవిడ చేతులు పట్టుకుంది.

కళ్ళు గీక్కోకుండా మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటు, కళ్ళకి మందు, వాపులు. బొంత తల తీసుకెళ్ళి గోడలకి కొట్టుకుంటుంటే అక్కకి కంటి మీద కునుకు లేదు. కుట్లు విప్పిన మర్నాడు పొద్దున ఆమె చప్పుడు చెయ్యకుండా గదిలోకి వెళ్ళింది. బొంత తలెత్తింది. కళ్ళు బాగా విప్పుకుని ఉన్నాయి. తేనె రంగు కళ్ళు. అన్ని ఫొటోలు దిద్దింది గానీ ఆ రంగేదో ఆమెకి అప్పటిదాకా తెలీదు.

బొంత ఆమెని చూసి మొరిగింది. కొత్తవాళ్ళని చూస్తే మొరిగే మొరుగు. ఆమె అడుగు ముందుకేస్తే అది వెనక్కి జరిగింది.

"నేనేనే బొంతా," అంది.

గొంతు వినగానే తోక ఊగింది. దగ్గరికొచ్చింది, వాసన చూసింది, మళ్ళీ తలెత్తి ఆమె మొహంలోకే చూస్తూ నిలబడింది.

మొరుగు విని వచ్చిన తమ్ముడు గుమ్మంలో ఆగాడు. "పెంచినదానివి నువ్వే కదక్కా, నిన్ను చూసి మొరుగుతుందేంటి?"

"ఇన్నాళ్ళూ నన్ను సరిగ్గా చూళ్ళేదురా అది," అంటూ నేల మీద కూలబడి ఏడ్చేసింది అక్క.

తమ్ముడు లోపలికి వచ్చాడు. బొంత అతని వైపు తిరిగి, అతన్నీ చూసి మొరిగింది.