రొట్టె విరిచిన పాఠం

ఆళ్లగడ్డ బడి కమిటీ పెద్దలారా, లూదియా టీచరును తరగతిలోంచి వెళ్లగొట్టింది మీరే. ఏం నేరమని? పిల్లలకు జొన్నరొట్టె విరిచి పంచిందట! మతంలో కలుపుతోందట!

ఆ తరగతి పిల్లల తల్లిదండ్రుల తరఫున, ఏం జరిగిందో పిల్లలనే అడిగాను. వినండి.

నంద్యాల నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి ఆమె. ఆరోజు ఏడో తరగతికి భూగోళం చెబుతోంది. ఒకప్పుడు ఖండాలన్నీ ఒకటేనని, విడిపోయి జరుగుతున్నాయని అంది.

ఓబులేసు లేచాడు. "భూమి జరుగుతాదా టీచర్? మా చేను యాడికీ పోలేదే!"

"పోతానే ఉండాది లేప్పా. దానిమీద కూర్చోని నువ్వూ పోతాండావ్."

తరగతంతా నవ్వింది. ఆమె తన టిఫిను గిన్నెలోని రొట్టె తీసి, ముక్కలు చేసి, కలగాపులగంగా బల్లమీద పోసింది. వాటిని మళ్లీ రొట్టెగా పేర్చమంది. అరుణకుమారి చకచకా అంచులు కలిపి, "అయిపోయింది టీచర్!" అంది.

"మాడిన మచ్చ చూడు అరుణా. ఈ ముక్కలో సగముంటే మిగతా సగం యాడ?"

పిల్ల రెండు ముక్కలు మార్చి పెట్టింది. మచ్చ కలిసింది. అప్పుడు చెప్పింది టీచరు: ఆఫ్రికా ఒడ్డున ఆగిపోయిన రాతిపొర సముద్రానికి అవతల దక్షిణ అమెరికాలో మళ్లీ కనబడుతుంది, అంచులు కలిస్తే అనుమానం, మచ్చలు కూడా కలిస్తే సాక్ష్యం. ఎంత మాట! పుస్తకంలో నాలుగు పేజీలు చెప్పలేనిది పెనం మీది రొట్టె చెప్పింది.

తిండి పారేయకూడదు గదా, ముక్కలు పిల్లల చేతుల్లో పెట్టింది. సరిగ్గా అప్పుడే కమిటీ ప్రెసిడెంటు శేషయ్య కిటికీలోంచి చూశాడు. క్రైస్తవురాలు, విరిచిన రొట్టె, చాచిన చేతులు. ఇంకేం కావాలి? చర్చిలో రొట్టె విరిచి పంచినట్టే బడిలో పంచుతోందని సాయంత్రానికి ఊరంతా చెప్పాడు.

మీటింగు పెట్టారు, నేనూ వచ్చాను. టీచరు ఇంకో రొట్టె విరిచి శేషయ్య ముందర పెట్టింది. "కలపండి సార్."

"ఏందమ్మా, నేనేమన్నా పసిపిల్లోణ్ణా?" అంటూనే కూర్చున్నాడు. కాసేపటికి కండువా పక్కన పెట్టి బల్లమీదికి వంగాడు. పక్కాయన సాయం చేయబోతే చెయ్యి తోసేశాడు. "అది ఈడిది గాదప్పా! మచ్చ కలవలా, కండ్లు లేవా నీకు?"

అందరూ నవ్వారు. శేషయ్య చేతులు దులుపుకున్నాడు. "పాఠం బాగానే ఉండాది. కానీ ఊర్లో మాట వచ్చిందమ్మా."

"రొట్టె మానేస్తా సార్. పాఠం మాత్రం చెప్పనీండి."

చెప్పనీయలేదు. ఆమెను ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. ఆమె బదులు వచ్చినాయన ఖండాల పేర్లు బట్టీ పట్టిస్తున్నాడు. అవి జరిగాయని ఎట్లా తెలుస్తుందని అడిగినందుకు అరుణకుమారిని బెంచీ ఎక్కించాడు.

తెలియక చేసి ఉంటే క్షమించేవాళ్లం. మీరు తెలిసే చేశారు. సోమవారం మొదటి గంటకు లూదియా టీచరును ఏడో తరగతిలోకి పంపండి. ఊర్లో మాట పుట్టించింది మీ ప్రెసిడెంటే, దాన్ని తుడవాల్సిందీ ఆయనే. ఊరందరి ముందర నిలబెట్టి, ఆమె చెప్పింది పాఠమేనని చెప్పించండి.